అచ్చుబల్ల దగ్గర కునుకు

అప్పటికే అచ్చు గుడ్డ మీద పడిపోయింది. తీసి చూస్తే మామిడిపిందె బొమ్మ మీద ఇంకో మామిడిపిందె. నిలబడే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాననుకుంటున్నాను, ఆ మధ్యలోనే కునుకు పట్టేసింది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద నల్లరంగు పడితే ఎంత ఉతికినా పోదు. దుప్పటి మొత్తం పాడైనట్టే.

మాది పెడన. కలంకారీ షెడ్డులో అచ్చులు వేస్తాను. షెడ్డు యజమానిని అందరం మావయ్య అనే పిలుస్తాం. ఆయన గుడ్డను చూసి, నన్ను చూసి, "ఏమ్మా నాగమణీ, రాత్రంతా సినిమాలు చూస్తున్నావా ఏంటి?" అన్నారు.

పక్క బల్ల వెంకాయమ్మ ఊరుకుంటుందా? "ఆ ఒళ్ళు మొయ్యడానికే ఓపిక సరిపోద్ది మావయ్యా, ఇంక పనేం చేస్తుంది!" అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఏడుపొస్తే నవ్వేయడం నా అలవాటు.

రాత్రిళ్ళు పెందలాడే పడుకునేదాన్ని. అయినా లేచేసరికి అసలు పడుకోనట్టే ఉండేది. తలపోటు, నోరెండిపోవడం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒళ్ళు పెరుగుతూనే ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా అత్తయ్యకి నేనంటే ప్రాణం. నీరసమన్నానో లేదో సున్నుండలు చుట్టేసేది. "బలం లేకే తూలుతున్నావే, తిను" అని దగ్గర కూర్చుని మరీ తినిపించేది. వీధిలో ఉండే వైద్యుడు బలానికని సూదులు పొడిచాడు. ఒళ్ళు తగ్గాలని నేను రాత్రి అన్నం మానేశాను. తగ్గకపోగా ఇంకా పెరిగాను.

ఇంకో దుప్పటి పాడయ్యాక మావయ్య పిలిచారు. "కొన్నాళ్ళు దుప్పట్లు మడతలు పెట్టమ్మా. బల్ల సంగతి తర్వాత చూద్దాం." పదో తరగతి తప్పినదాన్ని, నా చేతికొచ్చిన పని ఆ అచ్చులొక్కటే. బల్ల పోతే ఇంకేం మిగులుతుంది? మర్నాడే మా ఆయన్ని తీసుకుని బందరు ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరు మేడమ్ బరువు చూసి, టేపు పెట్టి మెడ కూడా కొలిచారు. "గురక పెడతావా?" అన్నారు.

"అబ్బే, లేదండీ."

మా ఆయన ఫ్యాను వంక చూస్తున్నాడు. "మీరు చెప్పండి" అన్నారు మేడమ్.

"పెడుద్దండి. మధ్యలో ఊపిరి ఆగిపోద్దండి. మళ్ళీ ఒక్కసారిగా ఎగబీలుస్తుంది. నాకు భయమేసి తట్టి లేపుతుంటా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని బయటికొచ్చి అడిగితే, "ఆడమనిషివి, గురకంటే బాధపడతావని" అన్నాడు పాపం.

విజయవాడలో, రాత్రి నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే స్లీప్ స్టడీ చేయించాం. రిపోర్టు చూసి మేడమ్ అన్నారు: "ఇది స్లీప్ ఆప్నియా. మెడ దగ్గర కొవ్వు చేరి, నిద్రలో గాలిదారి మూసుకుపోతోంది. నిద్ర సరిగా లేకపోతే ఆకలి పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఒబేసిటీ కూడా జబ్బేనమ్మా. బద్ధకం కాదు." థైరాయిడ్ నార్మల్, ఫ్యాటీ లివర్ ఉందన్నారు. జబ్బుందని చెప్తే ఎవరైనా భయపడతారు. నేను ఊరట పడి ఏడ్చాను.

డైటీషియన్ దగ్గర మాత్రం నవ్వులపాలయ్యాను. "రాత్రి అన్నం మానేశానండీ" అన్నాను గొప్పగా.

"మరేం తింటారు?"

"ఏం లేదండీ, టిఫినే."

"అంటే?"

"మినపట్లు, పల్లీ చట్నీ. ఒక్కోరోజు నెయ్యేసిన ఉప్మా."

"ఎన్ని అట్లు?"

"టిఫినుకి లెక్కేంటండీ!"

ఆవిడ పెన్ను కింద పెట్టేసి నవ్వారు. మన ఇళ్ళల్లో అన్నం ముద్దే తిండి, మిగతాదంతా ఫలహారం. నేనూ అలాగే అనుకున్నాను. మినపట్టు కూడా బియ్యమూ పప్పూ నూనే కదా అని ఆవిడ చెప్పేదాకా తట్టలేదు.

తర్వాత కొద్దిగా అన్నం, ఎక్కువ కూర, పప్పు, వేపుడు బదులు చేపల పులుసు. సాయంత్రం కాలవగట్టున నడక. పడుకునేటప్పుడు, గాలిదారి మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఊదే సీపాప్ మిషన్. మొదట్లో ఆ మాస్కు పెట్టుకుంటే ఎవరో మూతి నొక్కేస్తున్నట్టుండేది. పీకి పారేసేదాన్ని. అలవాటయ్యాక పగటి కునుకు పోయింది. బరువు మెల్లగా దిగింది. మావయ్య నా బల్ల తిరిగి ఇచ్చారు. సున్నుండలు ఆపమంటే అత్తయ్య మాత్రం చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ వేసవిలో ఆడపడుచు పిల్లలతో వచ్చింది. అందరం హాల్లోనే పడుకునేవాళ్ళం. వాళ్ళ ముందు ఆ గొట్టం తగిలించుకోవడానికి సిగ్గేసి మిషన్ మంచం కింద పెట్టేశాను. నడకా ఆగింది. వాళ్ళు వెళ్ళేసరికి బరువు చాలామటుకు తిరిగొచ్చేసింది, బల్ల దగ్గర కళ్ళు మళ్ళీ మూతలు పడుతున్నాయి.

మొన్న చెకప్‌కి వెళ్ళి తల వంచుకుని కూర్చున్నాను. "బరువు తిరిగి రావడం ఈ జబ్బు గుణమే. నిన్ను నువ్వు తిట్టుకోకు. మిషన్ ఇవాళే పెట్టుకో. బరువు తగ్గడానికి మందు కూడా వాడాలేమో వచ్చేసారి చూద్దాం" అన్నారు మేడమ్. మంచి మాటే. కానీ బస్సులో పెడన దాకా నా భయమల్లా బల్ల గురించే.

మీకూ ఇలా పగలు కునుకు ఆగకపోతే, నీరసమనుకుని బలానికి తినకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకెళ్ళండి. మన గురక మనకి వినపడదు.

చెకప్ నుంచి వచ్చిన రాత్రే మిషన్ మళ్ళీ పెట్టుకున్నాను. తెల్లారి షెడ్డుకి వెళ్ళి, అందరూ వింటుండగానే చెప్పాను. "మావయ్యా, నాది బద్ధకం కాదు. నిద్రలో ఊపిరాడని జబ్బు. మళ్ళీ తిరగబెట్టింది. నాకు నెమ్మదించేదాకా మడతల్లోనే ఉంటాను. కునుకు పోయాక నేనే వచ్చి అడుగుతా. నా బల్ల మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి."

నేను వెళ్ళి దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టాను.