గీత దాటిన వంశధార

గుణుపురం నుంచి పద్మపూర్ వెళ్లే దారిలో సూర్యకాంతమ్మని దారి అడగకూడదు. అడిగితే కుడి, ఎడమ అనదు. "ఆగ్నేయంగా ఎల్లి, ఉత్తరానికి తిరుగు" అంటుంది. అడిగినవాడు ఎండ కేసి చూసి, పక్కింట్లో మళ్లీ అడుగుతాడు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషికి మిగిలిన చదువు అదొక్కటే, భూగోళం.

ఒడియా బడిలో ఆ పాఠం మాత్రమే ఆవిడకి తెలుగులో చెప్పినట్టు వినిపించేదట. ఓసారి పరీక్షలో ఒడిశా పటం ఇచ్చి నదులు గీయమన్నారు. పిల్లలందరూ వంశధారను రాష్ట్రం సరిహద్దు గీత దగ్గర ఆపేశారు. సూర్యకాంతమ్మ ఆపలేదు. గీత దాటించి, పటంలో ఏమీ లేని తెల్లకాగితం మీదుగా నడిపించి, చివర తనే ఒక సముద్రం గీసి, కళింగపట్నం అని తెలుగులో రాసింది. వాళ్లమ్మ పుట్టిన ఊరు అటే. అక్కడ నీళ్లు తియ్యగా వెళ్లి ఉప్పగా తిరిగొస్తాయని అమ్మ చెప్పేది. మాస్టారు సముద్రాన్ని ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశారు.

ఆ సముద్రాన్ని ఆవిడ ఇప్పటికీ చూడలేదు. బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. కానీ భర్త అసిరయ్యది ఒకటే మాట: "కోతలయ్యేక ఎల్దాం." కోతల తర్వాత నూర్పులు, నూర్పుల తర్వాత అపరాలు, ఆ వెంటనే గేదె ఈనుతుంది. ఆ ఇంట్లో గేదెలు కూడా ఆయన పక్షమే.

ఈ ఏడు మనవరాలు పద్మప్రియ పదో తరగతి. పరీక్ష ముందురోజు వరండాలో పటం పరిచి నదులు గీస్తోంది. సూర్యకాంతమ్మ వంగి చూసింది.

"అమ్మీ, ఏటలా ఆపేసేవు?"

"పటం అయిపోయింది మామ్మా."

"పటం అయిపోతే ఏరు అయిపోద్దా?"

"గీత దాటితే మార్కు పోద్ది. నీకు తెలీదేటి?"

దెబ్బ సరైన చోటే తగిలింది. సూర్యకాంతమ్మ లోపలికెళ్లి ముగ్గుగిన్నె తెచ్చింది. పటం అంచున మొదలుపెట్టి గచ్చు మీద ముగ్గు పోసుకుంటూ పోయింది. వంకర్లు తిరిగి తిరిగి వంశధార అసిరయ్య కూర్చున్న కుర్చీ దగ్గరకొచ్చింది.

"కాళ్లెత్తు."

"ఎందుకే?"

"సముద్రం రావాల."

ఆయన ఎత్తాడు. "కోతలయ్యేక ఎల్దాంలే."

"ఏ ఏడు కోతలు?"

ఆయన ఎత్తిన కాళ్లు చాలాసేపు దించలేదు.

మర్నాడు సాయంత్రం పద్మప్రియ బడి సంచీ దించకముందే మామ్మ ఎదురొచ్చింది. "గీత దగ్గరే ఆపేసేవా?"

"ఆపేసేను."

మామ్మ తలూపి వెనక్కి తిరిగింది.

"ఆపి, చివర బాణం గుర్తు పెట్టేను."

"ఏ దిక్కుకి?"

"ఆగ్నేయానికి."

గచ్చు మీద ఏరుని అప్పటికే కోళ్లు సగం చెరిపేశాయి. కుర్చీ కింద సముద్రం మాత్రం అలాగే ఉంది. సూర్యకాంతమ్మ ముగ్గుగిన్నె అందుకుని, చెరిగినంత మేరా మళ్లీ పోసింది.