ప్రార్థన చెయ్యని పప్పుచారు

మా అత్తమ్మ దగ్గరికి దేవుడు పప్పుచారు పట్టుకొని వచ్చాడు. ఈ మాట నాది కాదు, ఆమెదే. చర్చిలో సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు ఎప్పుడు పిలిచినా ఇదే చెప్పేది. మామ గనిలో కాలు విరిగి దవాఖానలో పడి ఉన్నప్పుడు, ముక్కూముఖం తెలియని ఒక ముసలామె రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పుచారు తెచ్చి మంచం పక్కన పెట్టి పోయేదట. దేవుడి మాట ఒక్కటీ ఎత్తేది కాదట. ఇంటికి పంపించే రోజున అత్తమ్మే ఆమె వెంటపడి, "అవ్వా, నువ్వెవలు? మాకెందుకు పెడుతున్నవ్?" అని అడిగింది. "ఆదివారం మా చర్చికి రా బిడ్డా, చెప్త" అన్నదట ఆ అవ్వ. అత్తమ్మ వెళ్ళింది. ఇక అక్కడే ఉండిపోయింది.

మిగతావాళ్ళ సాక్ష్యాల్లో వెలుగులు కనపడేవి, స్వరాలు వినపడేవి. మా అత్తమ్మ సాక్ష్యంలో మాత్రం పోపు వాసన వచ్చేది. అది విన్నాక అయ్యగారి ప్రసంగం మీద ఎవరికీ మనసు నిలిచేది కాదు, అందరికీ ఆకలయ్యేది.

నేను మూడో తరం క్రైస్తవురాలిని. పుట్టిల్లు జ్యోతినగర్, నాన్నది కరెంటు ప్లాంటులో ఉద్యోగం. మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థన అంటే నాన్న ఒకసారి కళ్ళు మూసి తెరవడం, అంతే. పెళ్ళయి గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన రోజు, అత్తమ్మ ప్రార్థన విన్నాక గానీ ఆకలంటే ఏమిటో నాకు తెలియలేదు. ముందు అన్నాన్ని ఆశీర్వదించమంది. తర్వాత వడ్లు పండించిన రైతును, రేషన్ షాపాయనను, పొయ్యిలోని బొగ్గును, ఆ బొగ్గు తవ్వినవాళ్ళను షిఫ్టులవారీగా. ఫస్ట్ షిఫ్టువాళ్ళు క్షేమంగా పైకి రావాలని, సెకండ్ షిఫ్టువాళ్ళు క్షేమంగా లోపలికి దిగాలని, నైట్ షిఫ్టువాళ్ళకు పగలు నిద్ర పట్టాలని. మామకు సెకండ్ షిఫ్టు ఉన్న వారమైతే మధ్యలోనే గట్టిగా "ఆమెన్" అనేసి అన్నం కలుపుకొనేవాడు. "దేవునికి టైమున్నది గని నాకు డ్యూటీ ఉన్నది" అనేవాడు.

అత్తమ్మ వంట ఎప్పుడూ ఇంటికి సరిపడా ఉండేది కాదు, ఎక్కువే ఉండేది. అన్నం, పప్పుచారు, నూనెలో గోలిచ్చిన ఎండు మిరపకాయ, రోట్లో నూరిన తొక్కు. గుమ్మం ముందు ఎవరు నిలబడినా, "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. తిన్నానని చెప్పినా నమ్మేది కాదు. ఉల్లిగడ్డలమ్మే ఆమె, పోస్టుమాన్, చీటీలాయన, అందరూ మా వంటింటి పీట మీద కూర్చున్నవాళ్ళే. ఒకసారి ఒకాయన వచ్చి, పప్పుచారు రెండోసారి పోయించుకొని, పెరుగు కూడా తిని, చేయి కడుక్కున్నాక అప్పుడు చెప్పాడు, తాను రావాల్సింది వెనక లైనులో ఉన్న చుట్టాలింటికి అని. "అయితేంది, వాళ్ళింట్ల గూడ తిను" అని సాగనంపింది అత్తమ్మ.

ఊరంతా తింటున్నా ఒక్క మనిషి మాత్రం తినేది కాదు. ఆమె గోడవతలి క్వార్టర్‌లో ఉండే పెద్దత్తమ్మ. చుట్టం కాదు, కానీ అత్తమ్మ ఆమెను అక్కా అనేది, ఆమె అత్తమ్మను చెల్లె అనేది, అలా నాకు పెద్దత్తమ్మ అయింది. మా ఆయన పుట్టినప్పుడు అత్తమ్మకు పుట్టింట్లో తల్లి లేదు. బాలింతకు కారప్పొడితో అన్నం కలిపి, నోట్లో ముద్దలు పెట్టి లేపింది ఈ పెద్దత్తమ్మే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద కూర గిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయట.

అత్తమ్మ బాప్తిస్మం తీసుకున్న ఏడాదే అంతా చెడింది. సద్దుల బతుకమ్మ నాడు పెద్దత్తమ్మ ఎప్పటిలాగే గౌరమ్మకు పెట్టిన నువ్వుల సద్ది, అంటే నువ్వులపొడి కలిపిన అన్నం, తెచ్చింది. విగ్రహాలకు పెట్టింది తినొద్దని అయ్యగారు అంతకుముందు ఆదివారమే చెప్పి ఉన్నారు. కొత్తగా బళ్ళో చేరిన పిల్లలా అత్తమ్మ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించి, చేతులు కట్టుకొని, "అక్కా, దేవునికి పెట్టింది నేనిప్పుడు తినొద్దు" అన్నది. పెద్దత్తమ్మ ముఖం మాడిపోయింది. "నిన్నటిదాక తిన్న సద్దులు ఇయ్యాల విషమైనయా? మంచిది చెల్లె. మా దేవునికి పెట్టింది నీకొద్దంటే, నీ దేవునికి చెప్పి వండింది మాకూ వద్దు. లెక్క సాఫ్" అని వెళ్ళిపోయింది.

మాటలు బంద్ కాలేదు, తిండే బంద్. ఇది నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి గంటల తరబడి ముచ్చట పెట్టేవాళ్ళు. పచ్చి మిరపకాయలు, కల్యామాకు రెబ్బలు, కోడిగుడ్లు గోడ దాటేవి. పచ్చివి ఏవైనా దాటొచ్చు, పొయ్యెక్కినవి ఏవీ దాటకూడదు. అత్తమ్మ మాత్రం ఆశ చావక రోజూ ఒక గిన్నె పట్టుకొని గోడ దగ్గరికి పోయేది. "చెల్లె, ప్రార్థన చేసినవా?" అని అటు నుంచి ప్రశ్న వచ్చేది. అబద్ధం ఆడటం అత్తమ్మకు చేతకాదు. "జరంత చేసిన అక్కా" అని గిన్నెతో తిరిగొచ్చేది.

ఒకరోజు నన్ను పిలిచి, "బిడ్డా, నేనియ్యాల ప్రార్థన లేకుంట పప్పుచారు వండుత. నువ్వు నా పెదవుల దిక్కు చూస్తుండు" అన్నది. నేను గనిలో సూపర్‌వైజర్‌లా పీటేసుకొని కూర్చున్నాను. పప్పు కడుగుతుండగానే పెదవులు కదిలాయి.

"అత్తమ్మా!" అన్నాను.

"ఏం లేదు బిడ్డా, లెక్కపెడుతున్న."

"కందిపప్పు ఎవరన్నా లెక్కపెడతారా?"

ఆ పప్పు మాకే పోయింది. మరునాడు తెలివిగా నోటినిండా పల్లీలు పోసుకొని పొయ్యి ముందు కూర్చుంది. చింతపండు పిసికేదాకా బాగానే ఉంది. పోపులో ఆవాలు చిటపటమనగానే, అలవాటైన నోరు కదా, "స్తోత్రం ప్రభువా" అన్న మాట పల్లీలతో సహా బయటికి వచ్చింది. ఇద్దరం నవ్వలేక చచ్చాం. నవ్వు ఆగాక చూస్తే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అది నవ్వి వచ్చిన నీళ్ళే అనుకున్నాను. కాదు.

చివరికి నన్నే వండమంది. నేను ప్రార్థన విషయంలో బద్ధకస్తురాలినని ఆమెకు తెలుసు, మొదటిసారి అది నాలో మంచి గుణంగా కనపడింది. వంట విషయంలో కూడా బద్ధకస్తురాలినే అని అప్పటికి తెలియదు. నేను వండిన పప్పుచారు గోడ దగ్గరికి పోయింది. "కోడలు వండింది అక్కా, ఒక్క మాట ప్రార్థన లేదు, ఒట్టు." పెద్దత్తమ్మ వేలితో కొంచెం నాకి చూసింది. ఆ తర్వాత గిన్నె వెనక్కి జరిపి, "చెల్లె, దీనిమీద ఎవలన్న ఒకలు ప్రార్థన చెయ్యాల్సుండె" అన్నది. ఆ సాయంత్రం నేను వాళ్ళిద్దరితోనూ మాట్లాడలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపమే వస్తుంది, ఉప్పు ఒక్కటే కదా ఎక్కువైంది.

తెలంగాణ కోసం గనులన్నీ బందైన సమ్మె రోజులు వచ్చాయి. జీతాల్లేవు, ఇళ్ళల్లో కూరలు తగ్గాయి, అత్తమ్మ పప్పుచారులో పప్పు పలచబడింది కానీ పీట మీద కూర్చునేవాళ్ళు తగ్గలేదు. ఒకరోజు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చొని తిని, బండ్లన్నీ ఆపడం. తలో ఇంటి నుంచి తలో శేరు బియ్యం, పప్పు వచ్చాయి. పప్పుచారు కాగే పెద్ద గంజు ముందు గరిటె పట్టుకొని ఎవరు నిలబడాలన్నది అడగాల్సిన పనే లేదు.

అత్తమ్మ ఆ రోజు కొంగు నోటికి అడ్డంగా కట్టుకొని వండింది. పొగకు అనుకున్నారు అందరూ. ఎందుకో నాకు తెలుసు. బంతిలో పెద్దత్తమ్మ కూడా ఉంది, విస్తరాకు ముందు పెట్టుకొని, ఓరకంటితో ఈ గంజునే చూస్తూ. మాటలేకుండా పప్పు ఉడికింది, మాటలేకుండా పోపు పడింది. ఇంకొక్క నిమిషం గడిస్తే చాలు.

అప్పుడు యూనియన్ లీడర్ రానే వచ్చాడు. ఒకాయన అప్పటికే కొబ్బరికాయ కొట్టాడు, మెకానిక్ షెడ్డు చాచా దువా చేశాడు. లీడర్ మైకు పట్టుకొచ్చి, "అమ్మా, నువ్వేంది ఊకున్నవ్? మీ దేవునికి గూడ చెప్పు, రాష్ట్రం జల్ది రావాలె!" అని అత్తమ్మ నోటి ముందు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాపలా ఉన్న పోలీసులు కూడా టోపీలు తీశారు, ఆకలిమీదున్నారు పాపం.

అత్తమ్మ బంతిలోకి చూసింది. తర్వాత కొంగు విప్పింది. ప్రార్థించమని అడిగితే కాదనడం ఆమెకు రాదు. "ప్రభువా, ఆకలైనోళ్ళకు పెట్టు, మా రాష్ట్రం మాకియ్యి" అని రెండు ముక్కల్లో ముగించింది. ఆమె జీవితంలో అంత చిన్న ప్రార్థన నేను వినలేదు. ఆ రెండు ముక్కలే చాలాయి. పెద్దత్తమ్మ విస్తరాకు పక్కవాళ్ళ వైపు జరిపి, "నాకాకలైతలేదు" అని లేచి వెళ్ళిపోయింది.

అత్తమ్మ చివరి మనిషి తినేదాకా వడ్డించింది, పోలీసులకు కూడా. ఇంటికొచ్చి తాను తినకుండా చాప మీద పడుకుంది. "ఊరంత తిన్నది బిడ్డా. నా నోట్లె ముద్ద పెట్టినామె తినలే. ఇగ నేనెవలికి పెట్టి ఏం ఫాయిదా?" అన్నది. ఆమె నోటి నుంచి అలాంటి మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నాకు తిక్క రేగింది. సరాసరి గోడ దగ్గరికి పోయి పెద్దత్తమ్మను పిలిచాను. "మీకోసం మా అత్తమ్మ పల్లీలు బుక్కి వండింది తెలుసా? పప్పు కడుగుతుంటే నన్ను కాపలా పెట్టింది. ఇయ్యాల నోటికి బట్ట కట్టుకున్నది. ఇంకేం చెయ్యమంటరు, నాలుక కోసుకోమంటరా?" అని కడిగేశాను. జ్యోతినగర్‌లో మేము పెద్దవాళ్ళతో అలా మాట్లాడం. పెద్దత్తమ్మ నన్ను ఎదురు తిట్టలేదు. "ప్రార్థన లేకుంట వండనీకె చూసిందా? నా కోసమా?" అని మాత్రం అడిగింది. చూసింది, చాతకాలేదు అన్నాను. పెద్దత్తమ్మ లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత వచ్చిన సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం, అత్తమ్మ పప్పుచారు దించి పొయ్యి ఆర్పుతుండగా పెద్దత్తమ్మ మా వంటింట్లోకే వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నువ్వుల సద్ది. అత్తమ్మ లేచి నిలబడి మళ్ళీ చేతులు కట్టుకోబోయింది.

"కట్టుకోకు. ఇంకా గౌరమ్మకు పెట్టలే. ముందుగాల నీకే తీసిన. ఇప్పుడేం సాకు చెప్తవో చెప్పు" అన్నది పెద్దత్తమ్మ.

అత్తమ్మ బిత్తరపోయింది. ఆ ఇంట్లో పండుగ నాడు దేవుడికి పెట్టకముందు ఎవరూ ఉప్పు కూడా చూడరు. పసిపిల్లలు ఏడ్చినా పెట్టరు. "అక్కా, దేవునికన్న ముందుగాలనా? పాపం గాదా?"

"పాపమైతే నాకైతది, నీకెందుకు ఫికర్? తిను. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు, నేను జూడలే."

అత్తమ్మ నిలబడే ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూయలేదు, రైతును తలచలేదు, ఏ షిఫ్టునూ తలచలేదు. నమలడం, ఏడవడం రెండూ ఒకేసారి చేస్తూ తలూపింది. నాకూ ఏడుపొచ్చింది.

పెద్దత్తమ్మ పీట లాక్కొని కూర్చుంది. "ఇగ నీది పెట్టు" అన్నది.

"అక్కా... దీనిమీద పొద్దుగాల్నే ప్రార్థన అయింది. శానసేపు చేసిన."

"నాకు తెల్వదా? రోజు గోడవతలికెల్లి ఇనవడ్తనే ఉంటది. మా ఆయన దగ్గు గురించి చెప్తవ్, నా మోకాళ్ళ గురించి చెప్తవ్, మనుమరాండ్ల పేర్లన్ని చెప్తవ్." పళ్ళెం ముందుకు జరిపింది. "ఇయ్యాల చిన్నదాని పేరు మర్చిపోయినవ్. అది గూడ చెప్పి పెట్టు."