ఎవరి పాస్‌పోర్టు వాళ్లకు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో మేం సింగపూర్‌లో ఉండేవాళ్లం. ఒకసారి సెలవులకు బస్సులో మలేషియా వెళ్లి, మెర్సింగ్ రేవు నుంచి పడవలో తియోమాన్ దీవికి బయల్దేరాం. నడిసముద్రంలో గాలివాన మొదలై ఇంజిన్ ఆగిపోయింది. "ఐ స్కేర్డ్ లా, అమ్మా" అని సింగపూర్ ఇంగ్లీషు యాసలో అంటూ ఐదేళ్ల పాప నా ఒళ్లో ముడుచుకుంది.

ప్రయాణాల్లో అందరి పాస్‌పోర్టులూ మావారి బ్యాగులోనే ఉంటాయి. ఆయన వాటిని తీసి, ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా చుట్టారు. పాపది పాప గౌను జేబులో పెట్టి పిన్నీసు గుచ్చారు. నాది నా చేతికిచ్చారు.

"ఇప్పుడెందుకండీ?" అన్నాను.

"మనం విడివిడిగా దొరికినా ఎవరెవరో తెలుస్తుంది" అన్నారు, పాపకు వినపడకుండా.

చివరికి ఇంజిన్ అందుకుంది. దీవిలో దిగగానే ఆయన పాస్‌పోర్టుల కోసం చెయ్యి చాచారు. ఇప్పటికీ ఎయిర్‌పోర్టులో ఎవరైనా నా పాస్‌పోర్టు నా చేతికిస్తే, వెంటనే మావారి బ్యాగులో పెట్టేస్తాను.