అక్క గిటార్ పెట్టెకి నా కొత్త చెప్పులు

మా చిన్నప్పుడు నగరిలో మా ఇంట్లో ఒక చెక్కపెట్టె తనంతట తాను నడిచేది... నవ్వకండి, నిజమే. అక్క గిటార్ మీద లావు తీగ మీటితే చాలు, అది గరగరమంటూ సిమెంటు నేల మీద జానెడు జరిగేది. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ, "దాన్ని పట్టుకోండే, బియ్యం డబ్బా మీదికి వస్తాండాది" అనేది.

అది గిటార్ సౌండు పెంచే ఆంప్లిఫయర్. కొన్నది కాదు, నాయన చేసింది. మా నాయన మరమగ్గాల మెకానిక్. ఎక్కడో ఊడదీసిన స్పీకరు, మద్రాసు నుంచి ఎవరితోనో తెప్పించిన బోర్డు, ప్యాకింగ్ చెక్కలు... పని నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాడు.

ఎందుకంటే అక్క చర్చిలో వాయించాలి. అప్పటికి అక్కకి పదహారేళ్ళు. మా చర్చి సంఘానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. నాయన పనిచేసే మగ్గాల షెడ్డు కూడా ఆయనదే. "ఆడపిల్ల ముందుకొచ్చి నిలబడేదానికి గిటారు ఒక సాకు. ఆ సౌండు యాడ వినపడతాది?" అన్నాడు ఒక ఆదివారం, అందరి ముందూ. అంటే వినపడితే అభ్యంతరం లేదన్నమాట... నాయన ఆ మాటే పట్టుకున్నాడు. పిచ్చి నాయన.

సౌండు వచ్చింది. పెట్టెకే నిలకడ లేదు. "మగ్గమైనా కింద మెత్త లేకుంటే నడిచిపోతాది పాపా. దీనికీ కాళ్ళు పెట్టాల" అన్నాడు నాయన.

ముందు చెక్క ముక్కలు కొట్టాడు. ఇంకా బాగా జారింది. తర్వాత మగ్గాల నుంచి తీసేసిన రబ్బరు ముక్కలు తెచ్చాడు. గట్టివే గానీ ఏళ్ళ తరబడి నూనె తాగి ఉన్నాయి, పెట్టిన చోటల్లా నల్ల మచ్చ. చర్చి వేదికేమో తెల్ల రాయి. అంగట్లో కొత్త రబ్బరు కాళ్ళు అడిగితే అలాంటివి మా దగ్గర ఉండవన్నారు.

అప్పుడు నేను, పదేళ్ళ మేధావిని, నా కొత్త హవాయి చెప్పులు తెచ్చి ఇచ్చాను. బడి తెరిచే రోజుకని దాచుకున్నవి... ఒక్కసారి కూడా తొడగలేదు. "మరి నువ్వేం ఏసుకుంటావు మే?" అంది అక్క. పాతవే వేసుకుంటానన్నాను. అక్క అంటే నాకంత పిచ్చి.

నాయన అంచు పదునుపెట్టిన ఇనుప గొట్టంతో కొట్టి ఎనిమిది బిళ్ళలు తీశాడు. రెండేసి కలిపి అతికిస్తే నాలుగు కాళ్ళు. స్క్రూ తల నేలకి తగిలితే మళ్ళీ గరగరే కదా... అందుకని ఒక్కోదానికీ మధ్యలో గుంట తవ్వి, వాషరు వేసి, తల లోపలికి దిగేలా బిగించాడు. పెట్టె మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. అక్క మీటింది. నీళ్ళు వణికాయి, పెట్టె మాత్రం కదల్లేదు. నాయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

ఆదివారం మొదటి పాటకి అక్క వాయించింది. చివరి వరస దాకా వినపడింది. పాట అయ్యాక, నా పక్కన కూర్చున్న ఆమె, ఆ సంఘ పెద్దాయన భార్య, "ఇంత మోతకి కదలకుండా బలే నిలబడినాదే" అంది. నేను ఊరుకుంటేనా... "నా కొత్త చెప్పులు కోసి కాళ్ళు పెట్టినాం పెద్దమ్మా" అన్నాను, గొప్పగా.

మా చర్చిలో చెప్పులు మెట్ల కిందే విడవాలి. అది నాకు తెలియని సంగతి కాదు. కానీ నా లెక్కలో అప్పటికి అవి చెప్పులు కావు, అక్క పెట్టె కాళ్ళు.

ఆమె లేచి వెళ్ళి ఆయన చెవిలో వేసింది. ఆయన వేదిక ఎక్కి, పెట్టెను తిరగేసి అందరికీ చూపించాడు. "దేవుని సన్నిధిలోకి సెప్పులు తెచ్చినాడు సూడండి."

"కొత్తవన్నా... పాప కాలు కూడా పెట్టలేదు" అన్నాడు నాయన.

"ఊడబెరుకు. ఈడనే."

నాయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని నాలుగూ విప్పి జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు వాయించమ్మా" అన్నాడు పెద్దాయన, దయ తలిచినట్టు.

అక్క వాయించింది. పెట్టె నడిచింది. రెండో చరణంలో వేదిక అంచు దాటి కింద పడి, స్పీకరు చిరిగింది. ఎవరో నవ్వారు... తర్వాత చాలామంది నవ్వారు. అక్క వైరు పీకేసి, గిటార్ గోడకి ఆనించి బయటికి వెళ్ళిపోయింది. మళ్ళీ దాన్ని ముట్టలేదు.

ఇప్పుడు అదే చర్చిలో పిల్లలు బూట్లతోనే వేదికెక్కి గిటార్లు వాయిస్తున్నారు. ఆడపిల్లలు కూడా. ఆంప్లిఫయర్లకి కాళ్ళు కంపెనీ వాళ్ళే బిగించి పంపుతున్నారు. ఎవరూ ఏమీ అనరు. సంతోషమే... కానీ మా ఇంటికి మాత్రం ఆ రోజులు రాలేదు.

ఇన్నేళ్ళూ ఆ పాపం నా నోటిదే అనుకున్నాను. పోయిన నెల తిరుపతిలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు అడిగేశాను, నేను వాగకుండా ఉంటే నువ్వు వాయించేదానివి కదా అని.

అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నీ మీద నాకేం లేదు మే. ఆ పెద్దమనిషి మీద కూడా లేదు, ఆయన అట్లాంటోడే. నాయన ఒక్క మాట, 'విప్పనన్నా' అని అనుంటే సాలు... గిటారు లేకపోయినా నిమ్మళంగా బతికుందును. ఇప్పుడు నాయన్ని తలుచుకుంటే ఆ వంగిన వీపే కనపడతాది నాకు."

షెడ్డు ఆయనది, మనం తిన్న అన్నం ఆ షెడ్డుది అని నాయన తరఫున చెప్పబోయాను. అక్కకి తెలియదా ఏం... నేనూ గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకున్నాను. నాయన పోయి తొమ్మిదేళ్ళు.

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు, మీ కోసం చేతులారా అన్నీ చేసిపెట్టి, అనాల్సిన ఒక్క మాట దగ్గర తల వంచేసిన మనిషి... వాళ్ళని మీరు క్షమించగలిగారా? ఎలా క్షమించారో కింద రాయండి. అక్కకి చదివి వినిపించాలి.