అమాస నాడు సగం సర్కస్

అదే అడుగుతున్నాను, మా తాతకు ప్రేమంటే తెలియదనే హక్కు మామకు ఎవరిచ్చారు? నిన్న పొద్దున మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో తాత, అమ్మమ్మల పాత ఫోటో ఒకటి పెట్టాను. స్టూడియోలో రెండు కుర్చీల మీద, ఇద్దరూ ఎవరో కొడతారేమోనన్నట్టు బిగుసుకుని కూర్చున్న ఫోటో. దాని కింద మామ ఏం రాశాడో తెలుసా? "మా బాపు మా అమ్మకు జిందగీల చూపిచ్చింది ఒక్కటే సర్కస్, అదీ సగం." వెంటనే వరసగా పది నవ్వు బొమ్మలు. నాకు ఒళ్లు మండింది. నేను బస్సులో ఉన్నాను, దిగాల్సిన స్టాపు దాటిపోయింది, అయినా టైపు చేస్తూనే ఉన్నాను. "నువ్వప్పుడు పుట్టినవానే?" అన్నాడు మామ. పుట్టలేదు, నిజమే. మామ మాత్రం పుట్టాడా? కాకపోతే నా ఫోన్లో అమ్మమ్మ గొంతుంది. పోయిన ఎండాకాలం ఆమె హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు, "జర గా ఫోన్ పక్కకు పెట్టు బిడ్డా, మనిషితోని మాట్లాడు" అని విసుక్కుంటే, సరేనని పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కాను. ఆ సగం సర్కస్ కథ మొత్తం అందులో ఉంది. మామ ఎప్పుడూ సగమే విన్నాడు, అదీ అసలు గొడవ.

డెబ్బైల చివర మాట. పరకాలలో నేతగాళ్ల వాడ. అమ్మమ్మకు పెళ్లై మూడేళ్లు. ఇల్లంటే ఒకటే పెద్ద గది, అందులో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని తాత పొద్దున్నుంచి దీపాల వేళ దాకా తువ్వాళ్లు నేసేవాడు. అమ్మమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని, పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి చిన్న చిన్న కండెల మీద నూలు చుట్టేది. ఇద్దరి మధ్య, తమలపాకులకు సున్నం రాసుకుంటూ, అత్తగారు. "మూడేండ్లు మీ తాత ముచ్చటంత మగ్గంతోనే బిడ్డా. నాతోని 'కండె ఇయ్యి' అనుడు తప్ప రెండో మాట లేకుండె" అంటుంది అమ్మమ్మ, రికార్డింగులో నవ్వుతూ. ఆ నవ్వులో కోపం ఉందో లేదో నాకిప్పటికీ అంతుపట్టలేదు. నేనైతే మూడు రోజులు కూడా ఊరుకోను.

ఆ వాడలో మగ్గాలకు నెలకు ఒకటే సెలవు, అమావాస్య. ఆ రోజు మగ్గాన్ని ఎవరూ ముట్టరు. మిగతా రోజుల్లో వాడంతా ఒకటే చప్పుడు, తెల్లారి లేచేది దాంతోనే, నిద్రపోయేది అది ఆగాకే. ఆదివారం ఏమిటో, జెండా పండుగ ఏమిటో వాళ్లకు పట్టేది కాదు. అలాంటి వాడలోకి ఒకనాడు మైకు కట్టిన జీపు వచ్చి, గులాబీ రంగు కాగితాలు గుప్పిళ్లతో విసిరిపోయింది. హన్మకొండలో సర్కస్. కాగితం మీద ఏనుగు, సింహం, జోకర్, అన్నిటికీ పైన గాలిలో ఒక అమ్మాయి. ఒక ఊయల వదిలేసింది, రెండో ఊయల మీదున్న మనిషి చేతులు ఇంకా అందలేదు, రెండిటి మధ్యా ఉంది. అమ్మమ్మ ఆ బొమ్మను చూస్తూ ఒక కండెకు నూలంతా ఎగుడుదిగుడుగా చుట్టిందట. "ఏమన్న కావాల్నా?" అన్నాడు తాత. మగ్గం ముందు కూర్చుని ఆయన అలా అడగడం అదే మొదటిసారి. "గా పిల్ల చేతులు ఇడిసిపెట్టినంక, అవతలోడు పట్టుకునే దాంక నడుమ ఏముంటదో సూడాలె" అందట ఈమె. తాత కాగితాన్ని కూడబలుక్కుని కింది వరకు చదివాడు. ఒంటిగంట ఆట సెలవు రోజుల్లో మాత్రమే అని అందులో రాసుంది. సరిపోయింది కదా, వచ్చే అమాసకు పోదాం అనుకున్నాడు. అత్తగారు రెండు రోజులు ఆలోచించి, ఒక షరతు మీద ఒప్పుకుంది. "అమాసనాడు కోడలు పిల్ల పొద్దుమూకినంక తొవ్వల ఉండొద్దు. దీపం ముట్టిచ్చే యాళ్లకు ఇంట్ల ఉండాలె."

వెళ్లారు. పరకాల బస్టాండు దాకా తాత పది అడుగులు ముందు, అమ్మమ్మ వెనక. పక్కపక్కన నడిస్తే వాడ నవ్వుతుంది కదా. హన్మకొండలో దిగాక జనంలో తప్పిపోతుందేమోనని ఆయన ఆగి, ఆమె పక్కకొచ్చి నడిచాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు ఎంత చిన్నదవుతుందంటే, ఇయర్ ఫోన్లు పెట్టుకుంటే తప్ప వినబడదు. డేరా దగ్గరికి వెళ్తే గేటు మూసి ఉంది. లోపల ఏనుగు తోక మాత్రం కనిపిస్తోంది. తాత గేటు మనిషిని నిలదీశాడు.

"ఒంటిగంట ఆట ఏదన్నా?"

"ఇయ్యాల లేదు. సెలవు దినాలల్లనే."

"ఇయ్యాల సెలవే గద! అమాస!"

"అమాస ఐతే మాకేంది? మా సింహానికి అమాస తెల్వదు. నాలుగింటికి రాపో."

తాత కాసేపు నమ్మలేదట. రోడ్డు వైపు తిరిగి చూశాడు. కొట్లు తెరిచే ఉన్నాయి, గుమాస్తాలు అన్నాలు తిని సైకిళ్ల మీద మళ్లీ ఆఫీసులకు పోతున్నారు, బడి గంట కొడుతోంది. అమావాస్య నాడు లోకమంతా చేతులు ముడుచుకుని కూర్చుంటుందని ముప్పై ఏళ్లు అనుకున్న మనిషి, లోకం తనను అడక్కుండానే పని చేసుకుంటోందని ఆ నడిరోడ్డు మీద తెలుసుకున్నాడు. నవ్వుతారేం? ఆదివారం ఆఫీసు మెయిల్ వస్తే నేనూ అలాగే నిర్ఘాంతపోతాను.

ఆఖరికి నాలుగింటి ఆటకు కూర్చున్నారు. దానికి ముందు మూడు గంటలు, హోటల్లో పూరీలు తిని, ఒక వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని ఎన్నిసార్లు అడిగినా అమ్మమ్మ చెప్పదు. "గదంత నీకెందుకే?" అంటుంది. ఆట మొదలైంది. జోకర్ వచ్చాడు, సైకిల్ మీద ఏడుగురు ఎక్కారు, ఏనుగు శివలింగానికి తొండంతో పూలు చల్లింది. ఊయలలు మాత్రం పైన కట్టేసి ఉన్నాయి. "అవి ఆఖర్న" అన్నాడు పక్కాయన. పరకాల బస్సు ఐదున్నరకు. ఐదు దాటగానే తాత ఆమె వైపు చూశాడు. ఇంకాసేపు కూర్చుందామని అమ్మమ్మ అనొచ్చు కదా? అనలేదు. అత్తకిచ్చిన మాట. తనే ముందు లేచి చెంగు సర్దుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, పరకాల వచ్చేదాకా ఇటు తిరగలేదు. దీపాల వేళకు ఇంట్లో ఉన్నారు, అత్తగారు మెచ్చుకుంది. మామ కథ ఇక్కడితో అయిపోతుంది. నవ్వు బొమ్మలు మొదలయ్యేదీ ఇక్కడే.

నాలుగు రోజులు గడిచాయి. ఐదోనాడు ఆదివారం, వాళ్ల వాడకు మామూలు పని రోజు. పొద్దు కొంచెం ఎక్కాక, తువ్వాలు సగం నేసి ఉండగానే, తాత నాడె పక్కన పెట్టి గుంటలోంచి పైకొచ్చాడు.

"ఏమైందిరా, పోగు తెగిందా?" అంది అత్తగారు.

"తెగలే. సర్కస్‌కు పోతానం."

"మొన్ననే పోయొస్తిరి గదరా!"

"గది సగం. ఇయ్యాల ఒంటిగంట ఆట ఉంటది."

"ఇయ్యాల అమాస కాదు! పనినాడు మగ్గం ఆపి పోతరారా ఎవలన్న?"

"నేను పోతాన." తర్వాత రాట్నం వైపు తిరిగి, "లెవ్వు, చీర మార్చుకో" అన్నాడు.

అమ్మమ్మ లేచి చీర కోసం పెట్టె తెరిచింది. ఈలోపు బయట గుమ్మం దగ్గర జనం. ఆ వాడలో అమాస కాని రోజు ఒక మగ్గం హఠాత్తుగా ఆగిందంటే అర్థం ఒక్కటే. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఎవలు పోయిన్రు?"

"ఎవలు పోలేదు. వీళ్లే పోతాండ్లు, సర్కస్‌కు" అంది అత్తగారు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

వాడంతా చూస్తుండగా ఇద్దరూ బయల్దేరారు. ఎదురు మగ్గం ఆయన కిటికీలోంచి "ఏం బావా, కొత్త పెండ్లికొడుకువా?" అని అరిచాడు. ఈసారి తాత పరకాలలోనే పక్కన నడిచాడు. ఒంటిగంట ఆట, మొదటినుంచి చివరిదాకా, మళ్లీ అదే జోకర్, అదే ఏనుగు, చివర ఊయలలు. "ఏముంది అమ్మమ్మా, నడుమ?" అని అడిగాను నేను.  రికార్డింగులో ఆమె అంటుంది: "ఏం లేదు బిడ్డా. సప్పుడుండదు. నడుమల మగ్గం ఆపుతే ఇంట్ల ఉంటది సూడు, గట్ల. భయమైతది, మంచిగ కూడ అనిపిస్తది. అటెన్క గాయన పట్టుకున్నడు."

తిరిగొచ్చేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాసేపటికి అటు తిరిగే, "గా ఏనుగు నిజంగనే పూజ చేస్తదా?" అని అడిగిందట.

నేను సెలవు కావాలంటే ఫోన్లో ఒక బటన్ నొక్కుతాను, ఎవరూ తలుపు దగ్గరికి ఏడుస్తూ పరుగెత్తుకురారు. కాలం ఎవరికీ ఒక మధ్యాహ్నాన్ని ఊరికే తీసివ్వదు. నిండు పని రోజు నడిమిలోంచి, వాడంతా చూస్తుండగా, దాన్ని తీసి పక్కన కూర్చున్న మనిషికి ఇచ్చినవాడికి ప్రేమ తెలియదని ఇప్పుడు నా ఎదురుగా అనగలరా, మీలో ఎవరైనా?