పుల్పిట్ దిగిన తాతయ్య

నా చిన్నప్పుడు గన్నవరం దగ్గర మా ఊరి సంఘానికి మా తాతయ్యే పాస్టరు. ఆయన ప్రసంగం మొదలుపెడితే రోడ్డున పోయేవాళ్లు కూడా సైకిలు ఆపి వినేవారు. ఆయన మనవరాలినని నాకు కాస్త టెక్కు కూడా ఉండేది.

ఒక ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో ఆగి, "ఆరాధన ఎగ్గొట్టి సినిమాలకు పోయే విశ్వాసులున్నారు మన సంఘంలో" అంటూ మా పక్కింటి అక్క వైపు చూశారు. ముందు ఆదివారం ఆమె మంచి చీర కట్టుకుని విజయవాడ బస్సెక్కిందని ఎవరో ఆయన చెవిన వేశారు. అందరి తలలూ అటు తిరిగాయి. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే, ఊళ్లో ఆడకూలీలను నాట్లకు తీసుకెళ్లే మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చింది. అక్షరం ముక్క రాని మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అయ్యగారండీ, ఆ పిల్ల సినిమాకెళ్లలేదండీ. ఆసుపత్రిలో వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుంది. అనేముందు ఆ పిల్లని అడిగారా?"

"లేదమ్మా."

"పోనీ, దేవుణ్ణయినా అడిగారా?"

తాతయ్య మండిపడతారనుకున్నాను. ఆయన మాత్రం, "ప్రసంగం కోసం తప్ప బైబిలు తెరిచి నెలలైందమ్మా. మోకరించడమూ తగ్గింది. నన్ను అడిగేవాళ్లు లేరు, నేనూ ఎవరికీ చెప్పుకోలేదు" అన్నారు.

ఆ పూటే పక్కింటికి వెళ్లి అక్కను క్షమాపణ అడిగారు. ఆమె తలెత్తకుండానే "సరేలెండి" అంది. సంఘ పెద్ద ఒకాయన, "ఇక్కడితో వదిలేయండి. అందరి ముందూ చెబితే రేపు మీ మాట ఎవరు వింటారండీ?" అన్నాడు.

"నలుగురిలో అన్న మాటండీ. నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి" అన్నారు తాతయ్య.

ఆ తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగం చేసే పుల్పిట్ దిగి, చాపల మీద కూర్చున్నవాళ్ల మధ్య నిలబడి, "విచారించకుండా అన్నాను. నాది తప్పు" అన్నారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. నెల రోజులు తాను ప్రసంగించనని, ఇకనుంచి ప్రతి శనివారం మేస్త్రమ్మ వచ్చి తనను ప్రశ్నించాలని సంఘాన్ని కోరారు.

ఆమె మానకుండా వచ్చేది. "ఈ వారం ప్రార్థన చేసుకున్నారా అండీ? ఎవరినైనా నొప్పించారా?" అని అడిగేది. కొన్ని వారాలు ఆయన "నొప్పించానమ్మా" అనేవారు. అక్క మాత్రం చాన్నాళ్లు చర్చి గుమ్మం తొక్కలేదు. చివరికి ఒక ఆదివారం తల్లిని నడిపించుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆయన మనవరాలినని నిజంగా పొంగిపోయాను.

నేను విజయవాడ పటమటలో స్థిరపడ్డాక కూడా తెలిసినవాళ్లు, "మీ తాతయ్య గారు గొప్ప ప్రసంగీకులట కదండీ" అంటుంటారు. ఆ ప్రసంగాల్లో ఒక్కటీ నాకు గుర్తు లేదు. 'నాది తప్పు' అన్నప్పటి ఆయన గొంతు మాత్రం, నేను ఎవరినైనా మాట అన్న ప్రతిసారీ వినబడుతుంది.