కౌజుపెట్ట గొంతు

రాష్ట్రం ఒక్కటిగా ఉన్నప్పటి మాట. ఏలూరు రైలుకు ఇంకా టైముందని స్టేషన్ పక్కనున్న రెజిమెంటల్ బజార్‌లో తిరుగుతున్నాను. ఒక గుమ్మం ముందు ఒక ముసలాయన, వేటగాళ్లు నోట్లో పెట్టుకుని పిట్టల్ని పిలిచే బిళ్లలు చేస్తున్నాడు. రేకు మధ్య పలచటి రబ్బరు బిగించి, అంగిట్లో పెట్టుకుని ఊదాడు. గొంతు కుదరలేదు. రబ్బరు అంచు కాస్త కత్తిరించి మళ్లీ ఊదాడు. ఈసారి అచ్చం కౌజుపెట్ట పిలిచినట్టే ఉంది. పక్కన పంజరంలో ఉన్న కౌజుపుంజు బదులు పలికింది.

“అది పలికితేనే బిళ్ల కుదిరినట్టు సార్.”

వేటకెళ్లే మా బావకు ఒకటి కొందామనుకున్నాను. కొత్త బిళ్ల నోట్లో పెట్టుకుంటే, ఎలా ఊదాలో ఆయనే నేర్పాడు. నాకూ పలికింది. పుంజు పరుగున ఊచల దగ్గరికొచ్చింది. సరదాకొద్దీ మళ్లీ మళ్లీ ఊదాను.

“జెర ఆగుండ్రి సార్. గన్నిసార్లు పిలిస్తిరి. పిలిచినంక ఉత్తగ పంపొద్దు. మా నాయిన సుత గింజలు పెట్టేటోడు,” అంటూ నా అరచేతిలో సజ్జలు పోశాడు. ఆయన నవ్వడం లేదు.

బిళ్ల ఇంకా నా నోట్లోనే ఉంది. చెయ్యి పంజరంలో పెట్టాను. పుంజు సజ్జల వంక చూడలేదు. మెడ చాచి, నా నోటినే చూస్తూ నిలబడింది.